నివాళి అందరికీ ఒకటే ఎలా అవుతుంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇటీవలి సంవత్సరాలలో కన్నుమూసిన కళాకారులకు, ప్రజాజీవితంలో పనిచేసినవారికి నివాళి అర్పించే తీరు గురించి మాకు తరచుగా ఉత్తరాలు వస్తున్నాయి. వాటిలో కొన్నింటిని ఈ సంచికలో ఒకచోట చేర్చి జవాబులు ఇస్తున్నాము. స్థలాభావం వల్ల ఉత్తరాలను కుదించాము.

ప్రశ్న: మా ఊరి గ్రంథాలయంలో ఏటా సంస్మరణ సభ జరుపుతాము. ఆ మధ్యకాలంలో మరణించిన సినీ, సంగీత ప్రముఖుల గురించి వ్యాసం చదివే పని నాదే. పోయినసారి సభ ముగిశాక ఒక పెద్దాయన "పేరు మార్చి చదివినా ఎవరికైనా సరిపోతుందమ్మా" అన్నారు. ఈసారి కె. విశ్వనాథ్, వాణీ జయరాం, కోట శ్రీనివాసరావు గార్ల గురించి చదవాలి. ఎలా రాయమంటారు?
– ఒక ఉపాధ్యాయురాలు, తెనాలి

జవాబు: ఆ పెద్దాయన మాట కొంచెం కటువుగానే ఉన్నా, వ్యాసాన్ని దిద్దుకోవడానికి అంతకన్నా పనికివచ్చే కొలబద్ద మేము చెప్పలేము. మీరు రాసుకున్న ప్రతిలో ఒక్కొక్క వాక్యాన్నీ పేరు మార్చి చదివి చూడండి. ‘తీరని లోటు’, ‘కళామతల్లి ముద్దుబిడ్డ’, ‘ఒక శకం ముగిసింది’ వంటివి ఎవరి పేరు పెట్టినా ఇట్టే అతుక్కుంటాయి కాబట్టి వాటిని మొహమాటం లేకుండా కొట్టివేయండి. చిత్రాల సంఖ్య, పురస్కారాల జాబితా ఆహ్వానపత్రిక వెనక అచ్చు వేయిస్తే సరిపోతుంది. ఇవన్నీ తీసేశాక చాలా వ్యాసాలలో నమస్కారం, ధన్యవాదాలు తప్ప ఏమీ మిగలవు. అసలు రాయవలసినది అప్పుడు మొదలవుతుంది.

విశ్వనాథ్ గారి సంగతి వచ్చేసరికి, 1980 ఫిబ్రవరి 2న ‘శంకరాభరణం’ విడుదలైందనీ, 2023లో సరిగ్గా అదే తేదీన ఆయన కన్నుమూశారనీ ప్రతి వక్తా చెబుతారు. అది నిజమే గాని అందులో ఆయన చేసినదేమీ లేదు. రేపల్లెలో పుట్టిన ఆయన సినిమాలలో అడుగుపెట్టింది మద్రాసు వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగంలో ఉద్యోగిగా అనీ, దర్శకుడై పేరు తెచ్చుకున్న తర్వాత కూడా సెట్టు మీద ఖాకీ దుస్తులే వేసుకునేవారనీ చెప్పండి. తానూ అక్కడి పనివారిలో ఒకణ్ణేనని మరచిపోకుండా ఉండడానికే ఆ ఖాకీ అని ఆయనే చెప్పుకున్నారు. చెవితో పని నేర్చుకున్న మనిషి చిత్రాలలో పాటకు అంత చోటు ఎందుకు దక్కిందో శ్రోతలు తమంతట తామే గ్రహిస్తారు, మీరు విడమరచి చెప్పనక్కర లేదు.

వాణీ జయరాం గారు ఆయన తర్వాత రెండు రోజులకే, ఫిబ్రవరి 4న, పద్మభూషణ్ ప్రకటన వెలువడి పట్టుమని పదిహేను రోజులైనా కాకముందే కన్నుమూశారు. ఈ ఇద్దరికీ విడివిడిగా వ్యాసాలు చదివే బదులు సభలో ఒక్క పాట వినిపించండి. ‘స్వాతి కిరణం’లోని ‘ఆనతినీయరా హరా’ అందుకు తగినది. తెర మీద పాడేది ఒక బాలుడు, వెనక వినిపించే గొంతు నలభై దాటిన వాణీ జయరాం గారిది. పిల్లవాడి గొంతులో ఉండే లేతదనం, ఆ పాత్రకున్న అసాధారణ విద్వత్తు రెండూ ఒకే గొంతులో పలకాలి, ఏది ఎక్కువైనా పాత్ర చెడిపోతుంది. 1991 సంవత్సరానికి ఆమెకు జాతీయ పురస్కారం తెచ్చింది ఈ పాటే. సాహిత్యం సిరివెన్నెల సీతారామశాస్త్రి గారిది, ఆయన 2021 నవంబరు 30న వెళ్లిపోయారు. స్వరం కె.వి. మహదేవన్ గారిది, దర్శకత్వం విశ్వనాథ్ గారిది. పాటకు ముందు ఈ నలుగురిలో ఎవరి పని ఏమిటో చెప్పి, తర్వాత నిశ్శబ్దంగా వినండి. సభలో రెండు నిమిషాలు లేచి నిలబడడం కన్నా అది ఎక్కువ గౌరవమని మా అభిప్రాయం.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు పోటీకి వచ్చిన పిల్లలు పాడిన ప్రతి పాటకూ రచయిత ఎవరు, స్వరకర్త ఎవరు, మొదట పాడినదెవరు అని పేరుపేరునా చెప్పేవారు. చాలా ఇళ్లలో పాత సంగీత దర్శకుల పేర్లు తర్వాతి తరానికి తెలిసింది అలాగే. 1966లో తనకు సినిమాలో మొదటి అవకాశం ఇచ్చిన ఎస్.పి. కోదండపాణి గారి పేరునే తన రికార్డింగ్ స్టూడియోకు పెట్టుకున్నారు కూడా. ఆయనకు నివాళి రాసేవారు ఎన్ని వేల పాటలని లెక్కలు తీయడంలో పడి ఈ సంగతి వదిలివేస్తుంటారు.

కోట శ్రీనివాసరావు గారి గురించి ఒక్క సన్నివేశం చాలు. ‘అహ నా పెళ్ళంట’లోని పిసినారి లక్ష్మీపతి కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్త అన్నం తింటాడు. నవ్వు తెప్పించేది ఆ కోడి కాదు, ఆ కూర నిజంగానే తింటున్నట్టు ఆయన ముఖంలో కనిపించే తృప్తి. అది రంగస్థలం మీద ఏళ్ల తరబడి సాధన చేసిన ముఖం. సినిమాలకు ముందు ఆయన స్టేట్ బ్యాంకు ఉద్యోగి. వాణీ జయరాం గారు కూడా గాయని కాకముందు అదే బ్యాంకులో పనిచేశారన్నది మీ సభలో ఇద్దరినీ కలిపే ముడిగా పనికివస్తుంది. మరొక మాట. కంకిపాడులో పుట్టిన ఆయన ‘ప్రతిఘటన’లో కాశయ్యగా తెలంగాణ యాసను అద్భుతంగా పలికించారు. ఆ యాసను ప్రతినాయకులకు, హాస్యగాళ్లకు మాత్రమే అప్పగించిన కాలం అది, తెలంగాణలో చాలామందిని అది నొప్పించింది కూడా. నటుడి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే ఈ సంగతినీ ఒక వాక్యంలో చెప్పవచ్చు. చెబితే ఆయన స్థాయి తగ్గదు, మీ వ్యాసం మీద నమ్మకం పెరుగుతుంది.

ప్రశ్న: ఎవరైనా ప్రముఖులు పోయారని తెలియగానే మా వాట్సాప్ బృందంలో అందరికన్నా ముందు నివాళి పెట్టాలన్న తొందర ఉంటుంది. ఇది తప్పా?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: పైన చెప్పిన కోట గారి విషయమే చూడండి. 2023 మార్చిలో ఆయన చనిపోయారన్న వదంతి ఎంతగా వ్యాపించిందంటే, తాను బతికే ఉన్నానని ఆయనే వీడియోలో కనిపించి చెప్పుకోవలసి వచ్చింది. ఆయన నిజంగా కన్నుమూసింది రెండేళ్ల తర్వాత, 2025 జులై 13న. శరత్‌బాబు గారు 2023 మే నెలలో ఆసుపత్రిలో చికిత్స పొందుతుండగానే శ్రద్ధాంజలులు వెలువడ్డాయి, ఆయన మే 22 వరకూ ఉన్నారు. 2025 నవంబరులో ధర్మేంద్ర గారికి కూడా ఇదే జరిగితే భార్య, కుమార్తె బహిరంగంగా మందలించారు. ఆసుపత్రిలో మనిషి పక్కన కూర్చున్నవారి ఫోనుకు ఆ మనిషి ఫొటో దండతో వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కుటుంబమో, ఆసుపత్రో ప్రకటించేదాకా ఆగండి. ఆ తర్వాత కూడా మొదటి గంటలో పెట్టే నివాళులు దాదాపు అన్నీ ఒకే బొమ్మ, ఒకే కొవ్వొత్తి. పదో రోజున పెట్టినా మీకు గుర్తున్న ఒక పాట గురించో, ఒక సంఘటన గురించో నాలుగు వాక్యాలు రాస్తే దాన్ని చదివేవారు ఉంటారు.

ప్రశ్న: మా ప్రాంతంలో యాభై ఏళ్లు హరికథలు చెప్పిన భాగవతార్ గారు పరమపదించారు. ప్రభుత్వ లాంఛనాలు కావాలని అడిగితే కుదరలేదు. కనీసం జాతీయ జెండా కప్పి ఊరేగిద్దామని మా యువకులు పట్టుపట్టగా నేను సందేహించి ఆపాను. నేను చేసినది సరైనదేనా? సినిమావారికి దొరికే లాంఛనాలు వీరికి ఎందుకు దొరకవు?
– ఒక సాంస్కృతిక సంఘ కార్యదర్శి, విజయనగరం జిల్లా

జవాబు: మీరు ఆపడమే సరైనది. జాతీయ గౌరవ చిహ్నాలను అవమానించడాన్ని నిషేధించే 1971 నాటి చట్టం ప్రకారం, ప్రభుత్వ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లోను, సైనిక, పారామిలిటరీ బలగాల వారి అంత్యక్రియల్లోను తప్ప మరెక్కడా పతాకాన్ని పార్థివదేహం మీద కప్పకూడదు. అతిక్రమిస్తే మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. అర్హత ఉన్న చోట కూడా నియమం ఉంది: కాషాయం పట్టీ తలవైపు రావాలి, పతాకాన్ని చితిలో కాల్చకూడదు, గోతిలోకి దింపకూడదు. అభిమానంతో చేసినదే కదా అని చట్టం ఊరుకోదు.

లాంఛనాలు ఎవరికి అన్నది మాత్రం చాలావరకు రాష్ట్ర ప్రభుత్వ విచక్షణ. ముఖ్యమంత్రి నిర్ణయిస్తే జిల్లా యంత్రాంగానికి ఆదేశం వెళుతుంది, పోలీసులు గౌరవవందనం చేసి గాలిలోకి తుపాకులు పేలుస్తారు. 2020 సెప్టెంబరులో బాలసుబ్రహ్మణ్యం గారికి తామరైపాక్కంలోని వ్యవసాయ క్షేత్రంలో తమిళనాడు పోలీసులు ఆ గౌరవం ఇచ్చారు. తెలుగు గాయకుడికి పొరుగు రాష్ట్రం ఇచ్చిన ఆ వందనం ఇరవై నాలుగు గంటలు తిరగకముందే ఏర్పాటైంది. 2022 ఫిబ్రవరిలో లతా మంగేష్కర్ గారికి దేశమంతటా రెండు రోజుల సంతాపం ప్రకటించి పతాకాలను అవనతం చేశారు. ఇదంతా ఆనాటి ప్రభుత్వం, ఆనాటి ప్రజాభిమానం, కొంత ఆనాటి రాజకీయం కలిసి తేల్చేది. హరికథకు ఇందులో చోటు తక్కువన్న మీ బాధ న్యాయమైనదే. మీ సంఘం చేయగలిగినది ఒకటుంది. భాగవతార్ గారి కథల రికార్డింగులు ఇళ్లలో పాత క్యాసెట్ల రూపంలో ఉండే ఉంటాయి. క్యాసెట్టు టేపు ఏటికేడు పాడవుతుంది కాబట్టి, వాటిని పోగుచేసి డిజిటల్ రూపంలోకి మార్పించి, ఏ కథ, ఏ ఊరు, ఏ సంవత్సరం, పక్క వాయిద్యాలు ఎవరివి అన్నది చీటీ రాసి పెట్టండి.

ప్రశ్న: మా తెలుగు సంఘం వార్షికోత్సవంలో కృత్రిమ మేధ సాయంతో బాలు గారి గొంతును సృష్టించి, ఆయనే సభను పలకరిస్తున్నట్టు వినిపించాలని కుర్రాళ్ల ఆలోచన. నివాళిగా చేస్తున్నదే కదా, అభ్యంతరం ఉంటుందా?
– ఒక సభ్యుడు, డల్లాస్

జవాబు: ఉంటుంది. ఒక తెలుగు చిత్రంలో తమ అనుమతి లేకుండా నాన్నగారి గొంతును ఇలాగే సృష్టించి వాడారంటూ ఎస్.పి. చరణ్ గారు 2024లో లీగల్ నోటీసు పంపించారు. అదే సంవత్సరం ‘లాల్ సలాం’ చిత్రంలో ఎ.ఆర్. రెహమాన్ గారు, మరణించిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులను అదే సాంకేతికతతో మళ్లీ వినిపించారు. అయితే కుటుంబాల అనుమతి తీసుకుని, తగిన పారితోషికం పంపించామని ఆయన ప్రకటించారు. ఈ రెండు ఉదంతాలలోనూ వాడినది ఒకే రకం సాంకేతికత, తేడా అంతా ఇంటివారిని అడగడంలో ఉంది.

అనుమతి దొరికినా మీ ఆలోచన మాకు రుచించదు. ఆయన అనని మాటను ఆయన గొంతుతో అనిపించడం నివాళి అనిపించుకోదు. ఆ గొంతులో నిజంగా పలికిన వేల పాటలు ఉండగా లేని పలకరింపు దేనికి? మీ పిల్లల చేత ఒక పాట సాధన చేయించి పాడించండి, అపశ్రుతి దొర్లినా ఫరవాలేదు. ప్రత్యేక సంచికలో పాటలు అచ్చు వేసేటట్లయితే ఒక సంగతి గుర్తుంచుకోండి: మన దేశంలో రచయిత మరణించిన తర్వాత అరవై ఏళ్ల వరకు సాహిత్యం మీద హక్కు ఉంటుంది, అందుచేత సిరివెన్నెల గారి పాట మొత్తం వేయాలన్నా అనుమతి కావలసిందే.

ప్రశ్న: డిసెంబరు 26న మన్మోహన్ సింగ్ గారి వర్ధంతి. మా పంచాయతీలో చిన్న సభ పెడుతున్నాము. ఢిల్లీలో ఉండిన పెద్దమనిషి గురించి మా పల్లెలో ఏమి చెప్పగలం?
– ఒక వార్డు సభ్యుడు, అనంతపురం జిల్లా

జవాబు: మీ జిల్లాలో ఈ ప్రశ్న పుట్టడం మాకు కొంత ఆశ్చర్యం కలిగించింది. 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకాన్ని ప్రధానమంత్రిగా ఆయన ప్రారంభించినది మీ నార్పల మండలంలోని బండ్లపల్లిలోనే. దేశంలో మొదటి విడతకు ఎంపికైన 200 జిల్లాలలో మీది ఒకటి. కరువు జిల్లా కాబట్టే ఆ ఊరిని ఎంచుకున్నారు. గ్రామీణ కుటుంబానికి ఏడాదిలో వంద రోజుల పని చట్టబద్ధమైన హక్కు అయినది అప్పుడే. మీ ఊళ్లో దాన్ని ఇప్పటికీ ‘కరువు పని’ అనేవారు ఉంటారు.

ఆర్థిక సంస్కరణల గురించి ఉపన్యాసం ఇచ్చేవారు దేశమంతటా ఉన్నారు, ఆ పని వారికే వదిలేయండి. ఆ తొలి సంవత్సరాలలో పనికి వెళ్లినవారిని నలుగురిని వేదిక మీదికి పిలవండి. ఏ కుంట తవ్వారు, ఏ చెరువు పూడిక తీశారు, మొదట ఎంత కూలి పడింది, మస్టరులో పేరు లేక ఎవరు తిరిగి వెళ్లారు, డబ్బులు ఎన్ని వారాలు ఆలస్యమయ్యాయి, ఆ ఏడాది వలస వెళ్లకుండా ఆగినవారెవరు అని అడగండి. లోపాలు బయటికి వస్తాయని జంకవద్దు. ఆ లోపాలను ఊరి మధ్య చదివి వినిపించే సామాజిక తనిఖీని ఒక వ్యవస్థగా మలచడంలో ముందు నిలిచినది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. సమాచార హక్కు చట్టం కూడా ఆయన హయాంలోనే, 2005 అక్టోబరు 12న, అమలులోకి వచ్చింది. పాలకుడికి నివాళి అంటే పొగడ్త మాత్రమే అని ఎక్కడా లేదు, ఆయన సంతకం పెట్టిన కాగితం ఊరిదాకా వచ్చి ఏమైందో చెప్పడం అంతకన్నా మర్యాద.

ప్రశ్న: మా కుటుంబంలో పోలీసు శాఖలో పనిచేసినవారు ఉన్నారు. గద్దర్ గారి పాట అంటే నాకు ప్రాణం, ఆయన కొంతకాలం నడిచిన దారి నచ్చదు. ఆయన గురించి రాస్తూ రెండో సంగతి కూడా చెప్పడం అమర్యాద అవుతుందా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అంత్యక్రియల ఇంట్లో అమర్యాద, అచ్చులో కాదు. 2023 ఆగస్టు 6న ఆయన మరణించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం అధికార లాంఛనాలు ప్రకటిస్తే, మావోయిస్టుల దాడుల్లో చనిపోయిన పోలీసుల పక్షాన మాట్లాడేవారు అభ్యంతరం చెప్పారు. వారి దుఃఖం కూడా నిజమైనదే. 1997 ఏప్రిల్‌లో ఆయన మీద కాల్పులు జరిగి, ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. అదే మనిషి 2018లో మొదటిసారి ఓటు వేశారు. ఆయన దేహాన్ని అల్వాల్‌లో తాను స్థాపించిన పాఠశాల ఆవరణలోనే ఖననం చేశారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వ చలనచిత్ర పురస్కారాలు ఆయన పేరు మీదనే ఇస్తున్నారు. ఇంత మలుపులున్న జీవితాన్ని ‘ప్రజాయుద్ధనౌక’ అన్న ఒక్క బిరుదుతోనో, మరొక వైపు నుంచి ఒక్క తిట్టుతోనో సరిపెట్టడం సాధ్యం కాదు. మీకు ప్రాణమైన పాటతో మొదలుపెట్టండి, అది మిమ్మల్ని ఎక్కడ పట్టుకుందో రాయండి, తర్వాత మీ విభేదాన్ని మీ మాటగానే, ఎవరి మీదా నెపం పెట్టకుండా రాయండి. వరుస తారుమారైతే అది నివాళి కాదు, వాదన అవుతుంది.

మరికొన్ని ప్రశ్నలకు క్లుప్తంగా:

నాలుగు రోడ్ల కూడలిలో అభిమాన నటుడి విగ్రహం పెట్టాలనుకుంటున్న తణుకు పాఠకులకు: రోడ్లు, కాలిబాటలు వంటి ప్రజోపయోగ స్థలాలలో విగ్రహాలకు అనుమతి ఇవ్వవద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో రాష్ట్రాలను ఆదేశించింది. ఊరూరా ఇంకా లేస్తూనే ఉన్నాయన్నది వేరే సంగతి. సొంత స్థలం ఉంటే చూసుకోండి, లేదా ఆ డబ్బుతో మీ పురమందిరంలో పాడైపోయిన మైకు, తెరలు బాగుచేయించండి.

ఫ్లెక్సీ మీద పేరుకు ముందు ‘పద్మశ్రీ’ అని వేయవచ్చా అని అడిగిన నల్గొండ పాఠకుడికి: వేయకూడదు. పద్మ పురస్కారాలు బిరుదులు కావనీ, పేరుకు ముందు గాని వెనక గాని తగిలించరాదనీ సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. కావాలంటే కింద ‘పద్మశ్రీ పురస్కార గ్రహీత’ అని వేయండి.

శరీరదానం చేసినవారికి లాంఛనాలు ఎలా జరుగుతాయని అడిగిన హైదరాబాద్ పాఠకురాలికి: 2025 ఆగస్టులో సురవరం సుధాకర్ రెడ్డి గారికి ప్రభుత్వ గౌరవవందనం జరిగాక భౌతికకాయాన్ని గాంధీ వైద్య కళాశాలకు అప్పగించారు. సీతారాం ఏచూరి గారి దేహం 2024లో ఢిల్లీ ఎయిమ్స్‌కు, అంతకు చాలా ముందు 2002లో కాళోజీ గారి దేహం వరంగల్ కాకతీయ వైద్య కళాశాలకు వెళ్లాయి. నేత్రదానానికి మాత్రం వ్యవధి తక్కువ. మరణించిన ఆరు గంటలలోపు కళ్లు సేకరించాలి కాబట్టి, పూలదండలకు మనుషుల్ని పంపే ముందు నేత్రనిధికి ఫోను చేయండి. వైద్యబృందం వచ్చేదాకా కనురెప్పలు మూసి, తడి దూది ఉంచి, గదిలో ఫ్యాను ఆపివేయాలి.